పెద్ద దవాఖానకు పోయే ముందు రాత్రి ఏం చేయాలి

అమ్మను మొదటిసారి నల్లగొండకు చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు, డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నకే నేను నోరు తెరిచాను. "ఏం గోలీలు వాడుతున్నరు?" అన్నారాయన. "తెల్లయి సార్, గుండ్రంగ ఉంటయి" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "బీపీవీ తెల్లగనే ఉంటయి, షుగర్‌వీ తెల్లగనే ఉంటయి, గ్యాస్‌వీ తెల్లగనే ఉంటయి" అన్నారు. వెనక ముప్పై మంది నిలబడి ఉన్నారు. దేవరకొండ వైపు మా ఊరి నుంచి తొలి బస్సుకు వచ్చి, మూడు గంటలు కూర్చుని, రెండు నిమిషాల్లో బయటపడ్డాం. చేతిలో ఐదు రకాల మందుల చీటీ ఉంది. ఏది ఎందుకో నాకు తెలియదు, అమ్మకు అసలే తెలియదు.

ఆ రెండు నిమిషాలు మా ఒక్కరి తలరాత కాదని తర్వాత తెలిసింది. 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో 67 దేశాల లెక్కలు పోగేసి ఒక పరిశీలన వేశారు. మామూలు డాక్టర్ దగ్గర ఒక్కో రోగికి దొరికే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలకు పైనే. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశంలో రెండు నిమిషాల చిల్లర. డాక్టర్‌ను తిట్టుకుంటే అది మూడు నిమిషాలు కాదు. కానీ ఆ రెండు నిమిషాల్లో జరగాల్సిన పనిలో సగం ముందు రాత్రి మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. మీరు హైదరాబాద్‌లో ఉండి, అమ్మనో నాయననో చూపించడానికి ఊరికి వచ్చే కొడుకో కూతురో అయితే, ఇది ముఖ్యంగా మీ కోసమే.

మొదట సంచి

ఒక బట్ట సంచి తీసుకోండి. ఇంట్లో ఉన్న మందులన్నీ అందులో వేయండి. మందులంటే డాక్టర్ రాసినవే అనుకోకండి. దేవుడి గూట్లో పెట్టినవి, దిండు కింద ఉన్నవి, అమ్మ కొంగుకు ముడేసుకున్నవి, ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు, పక్కింటామె "నాకు మస్తు పనిచేసింది" అని ఇచ్చిన రెండు గోలీలు, మోకాళ్ళకు రాసే నూనె, కళ్ళ చుక్కలు, ఎవరో జాతరలో అమ్మిన చూర్ణం అన్నీ వేయండి. మా ఇంట్లో వెతికితే మొత్తం పదకొండు రకాలు బయటపడ్డాయి. అందులో రెండు ఒకే మందు, కంపెనీ పేర్లు వేరు. అమ్మ రెండూ వేసుకుంటోంది.

స్ట్రిప్పులో నుంచి గోలీ కత్తిరించేటప్పుడు పేరున్న వైపును చివరిదాకా ఉంచాలి. మన ఇళ్ళలో సరిగ్గా ఆ వైపే మొదట కత్తిరిస్తారు. పేరు పోయిన ముక్క ఎవరికీ అక్కరకు రాదు. సంచిలో వేసే ముందు ఒక్కో స్ట్రిప్పును వెనక వైపు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సంచి బస్సులో మర్చిపోయినా ఫొటో ఉంటుంది.

సంచిలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సినవి నొప్పుల గోలీలు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పెద్దవాళ్ళను చూడండి. మోకాళ్ళు, నడుము, మెడ పట్టేసి, వంగి నడిచేవాళ్ళు ప్రతి వాడకట్టులో ఉంటారు. దశాబ్దాల పాటు తాగిన బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుపోయిన ఫలితం అది. నీళ్ళలో నుంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేస్తే, దానికి లోకమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరు స్థిరపడింది. మన జిల్లా పేరు శాస్త్ర పుస్తకాలకు ఎక్కింది ఇట్లాంటి దానికా అని ఒక్కోసారి కష్టంగా ఉంటుంది. సరే, ఆ నొప్పికి ఊళ్ళో దొరికేది డైక్లోఫినాక్ గోలీ, లేదంటే సూది. వాటితో ఆ పూటకు నొప్పి తగ్గుతుంది. కానీ ఈ రకం గోలీలు బీపీని పెంచుతాయి, కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోలీ, మూత్రం ఎక్కువ పోయేలా చేసే గోలీ, వాటి మీద రోజూ నొప్పుల గోలీ, ఈ మూడూ ఒకే మనిషికి పడితే కిడ్నీకి దెబ్బ తగలొచ్చని వైద్యులు గట్టిగా హెచ్చరిస్తారు. ఎండాకాలంలోనో, విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయినప్పుడో ఇంకా ప్రమాదం. బీపీ ఎందుకు తగ్గట్లేదో అర్థం కాక డాక్టర్ ఇంకో గోలీ రాస్తారు. కారణం మాత్రం కొంగు ముడిలోనే ఉంటుంది.

పేరు లేని పొడి పొట్లాలు, రంగు గోలీలు ఉంటే అవి కూడా తప్పకుండా పట్టుకెళ్ళండి. కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి వాడినదాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయడం కూడా ప్రమాదమే. "ఎవరిచ్చిన్రు ఇది?" అని డాక్టర్ కోప్పడితే కోప్పడనివ్వండి. ఆ కోపం కన్నా ఆ సమాచారం విలువైనది. ఎన్నేళ్ళు బోరు నీళ్ళు తాగారో కూడా నోటితో చెప్పండి. హైదరాబాద్‌లో చదివి వచ్చిన కొత్త డాక్టర్‌కు మీ ఊరి నీళ్ళ సంగతి తెలియాలని లేదు.

కల్లు సంగతి దాచొద్దు

పాలమూరు వైపు ఇది ఇంకా ముఖ్యం. నాయన రోజూ కాంపౌండ్‌లో రెండు సీసాల కల్లు తాగుతాడనుకోండి. డాక్టర్ "అలవాట్లున్నయా?" అని అడిగితే, కోడలు ముందు ఆయన "లేవు సారూ" అంటాడు. మీరూ మొహమాటపడి ఊరుకుంటారు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారన్నది ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన రహస్యమే. రోజూ అది తాగే మనిషిని ఏ కాలు విరిగో దవాఖానలో చేర్చారనుకోండి. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి. రాత్రంతా నిద్ర ఉండదు, లేనివాళ్ళు కనిపిస్తున్నారంటాడు, ఫిట్స్ కూడా రావచ్చు. ముందే చెబితే డాక్టర్లు దానికి మందు ఇచ్చి మెల్లగా దించుతారు. చెప్పకపోతే మెదడుకేమో అయిందని స్కానింగులకు తిప్పాల్సి వస్తుంది.

ఆయన ముందు చెప్పడం కష్టమైతే, ఓపీ చీటీ వెనక "రోజూ కల్లు, రెండు సీసాలు, పదేళ్ళుగా" అని రాసి డాక్టర్ చేతిలో పెట్టండి. బీడీ, గుట్కా, జర్దా కూడా అదే వరుసలో రాసేయండి.

తర్వాత అరపేజీ

అమెరికాలో డాక్టర్లూ రోగులూ మాట్లాడుకున్నవి రికార్డు చేసి చూసిన ఒక పరిశీలన 2018లో వచ్చింది. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక, మధ్యలో మాట తెగినచోట అది సగటున 11 సెకన్లకే తెగింది. విశేషమేమిటంటే, అడ్డు రాకుండా వదిలేసిన రోగులు కూడా సగటున 6 సెకన్లలోనే చెప్పాల్సింది చెప్పేశారు. అక్కడే అట్లా ఉంటే ఇక్కడి సంగతి వేరే చెప్పాలా? మొదటి వాక్యం దెబ్బతినకూడదు.

మా అమ్మ మొదలుపెట్టే తీరు ఇది: "మొన్న బోనాలప్పుడు సారూ, మా ఆడిబిడ్డ వచ్చింది, ఆమెకు వండిపెట్టి, గిన్నెలు తోముతుంటే…" గిన్నెల దగ్గరికొచ్చేసరికే డాక్టర్ చెయ్యి చీటీ మీదకు వెళ్ళిపోతుంది. ఆమెకు కళ్ళు తిరిగి పడిపోవడం ఆ గిన్నెల తర్వాత వస్తుంది.

అందుకే రాత్రి కూర్చుని, ఆమె చెప్పేదంతా ముందు మీరు వినండి. బోనాలు, ఆడిబిడ్డ, గిన్నెలు అన్నీ వినండి. ఆ కథలోనే కబురుంటుంది. విన్నాక అరపేజీ రాయండి. పై వరుసలో అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతున్నది ఒక్కటే ఉండాలి: "పది రోజుల్లో రెండుసార్లు లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోయింది." దాని కింద ఎప్పటి నుంచి, ఎప్పుడు ఎక్కువ, ఏం చేస్తే తగ్గుతోంది. ఆ తర్వాత పాత ఆపరేషన్లు, పడని మందులు, ఇంట్లో ఎవరికైనా గుండెపోటు, పక్షవాతం వచ్చిందా అన్నది. చివర మీరు అడగాలనుకున్న ప్రశ్నలు, రెండో మూడో చాలు. పది రాసుకెళితే ఒక్కటీ అడగలేరు.

బీపీ పుస్తకం

ఇంట్లో మిషన్ ఉంటే వెళ్ళడానికి వారం ముందే మొదలుపెట్టండి. దవాఖాన మెట్లెక్కగానే చాలామందికి టెన్షన్‌తో బీపీ పెరుగుతుంది. తెల్లకోటు చూసి పెరిగే ఈ బీపీని నమ్మి మందు పెంచితే, ఇంటికొచ్చాక కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో వారం రోజులు చూసిన అంకెలు డాక్టర్‌కు నిజం చెబుతాయి.

చూసే పద్ధతిలోనే సగం తప్పులు జరుగుతాయి. టీ, కాఫీ, బీడీ తాగి అరగంట అయి ఉండాలి. మూత్రానికి వెళ్ళి రావాలి. వీపుకు ఆనుకుని కుర్చీలో కూర్చుని, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండాలి. ఈ చివరిది మన ఇళ్ళలో అన్నిటికన్నా కష్టం. పట్టీ రవిక చెయ్యి మీద కాకుండా చర్మం మీద కట్టాలి. చేతిని గుండె ఎత్తుకు వచ్చేలా బల్ల మీద పెట్టాలి. బల్ల లేకపోతే దిండ్లు పేర్చండి. 2024లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 133 మందిని ఇట్లా అట్లా కూర్చోబెట్టి కొలిచారు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే పై అంకె సుమారు 4 ఎక్కువ చూపింది. పక్కకు వేలాడేస్తే 6 పైచిలుకు ఎక్కువ చూపింది. 136 అనుకున్నది నిజానికి 130 అన్నమాట. లావు చేతికి మామూలు పట్టీ కడితే కూడా అంకె ఎక్కువే వస్తుంది, కొనేటప్పుడే చేతి చుట్టుకొలత చూసుకోండి.

పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి చూసి, తేదీ వేసి రాయండి. మొదటి రోజువి లెక్కలోకి తీసుకోరు. మిగతావాటి సగటు 135/85 కన్నా పైన ఉంటే ఇంట్లో చూసినదాని ప్రకారం అది ఎక్కువే. కళ్ళు తిరిగే మనిషికైతే నిలబెట్టి కూడా ఒకసారి చూసి, "నిలబడి" అని పక్కన రాయండి.

మిషన్ లేకపోతే మీ సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం దగ్గర చూపించుకోండి. దేశంలో బీపీ అదుపు కార్యక్రమం 2017 నవంబర్‌లో మొదలైనప్పుడు తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. బీపీ, షుగర్ గోలీలు అక్కడే ఉచితంగా ఇస్తారు. ఊళ్ళో దొరికే గోలీ కోసం నల్లగొండ దాకా పోవాల్సిన పని లేదు.

మనసు సంగతి ఒంటరిగా అడగండి

గుండె దడ, ఒళ్ళంతా మంటలు, కడుపులో గుబులు, నిద్ర పట్టదు. ఈసీజీ బాగానే ఉంది, రక్త పరీక్షలు బాగానే ఉన్నాయి. అయినా ఆమె బాధ అబద్ధం కాదు. మన పెద్దవాళ్ళు "నాకు దిగులుగా ఉంది" అనరు, "గుండెల మంట పుడుతుంది" అంటారు. పిల్లలంతా హైదరాబాద్‌కో ముంబైకో పోయి, ఇంట్లో ఇద్దరే మిగిలినప్పుడు, వాళ్ళలో ఒకరు పోయినప్పుడు ఈ మంటలు ఎక్కువవుతాయి.

కోడలూ మనవలూ లేనప్పుడు, వాకిట్లో మంచం మీద కూర్చుని రెండు మాటలు అడగండి. డాక్టర్లు మొదట వాడే ప్రశ్నలే ఇవి. ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోకుండా ఉందా? దిగులుగా, ఆశ లేనట్టు ఉందా? చాలా రోజులు అట్లానే ఉందంటే అరపేజీలో ఆ మాట కూడా రాయండి. "ఇంక బతికి ఏం లాభం" అంటే "అట్ల అనొద్దు" అని నోరు మూయించకండి. "సచ్చిపోదామని అనిపిస్తుందా అమ్మా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే బరువు దిగుతుంది. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకండి. ఆ రోజే పత్తి చేను మందు డబ్బాలు, గడ్డిమందు ఇంట్లో నుంచి తీసేసి తాళం వేయండి. 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బస్సెక్కే పొద్దున

పరగడుపున రక్తం తీస్తారని షుగర్ ఉన్న మనిషిని మధ్యాహ్నం దాకా ఎండబెట్టడం మన దగ్గర మామూలు. పరగడుపు పరీక్ష ఉందో లేదో ముందే కనుక్కోండి. ఉంటే, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోలీ తినకముందు వేయకండి, డబ్బాలో సద్ది పెట్టుకుని రక్తం తీయగానే తినిపించి అప్పుడు వేయండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు ముందురోజే అడిగి పెట్టుకోవాలి. బీపీ గోలీ మాత్రం, డాక్టర్ వద్దంటే తప్ప, రెండు గుక్కల నీళ్ళతో మామూలుగానే వేయాలి. జేబులో చక్కెర పొట్లమో గ్లూకోజో ఉంచుకోండి.

కళ్ళద్దాలు, చెవి మిషన్ ఉంటే అది తీసుకెళ్ళండి. వినపడని మనిషి అన్నిటికీ తలూపుతుంది, డాక్టర్ అర్థమైందనుకుంటారు. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టండి, కొత్తది పైన. ఆరోగ్యశ్రీ కిందికి వచ్చే జబ్బయితే ఆ డెస్క్ దగ్గర ముందే అడగండి. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మన మహబూబ్‌నగర్‌లోనే మొదలైన పథకం అది. ఇప్పుడు తెలంగాణలో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల దాకా వర్తిస్తుంది.

లోపలికి వెళ్ళాక

ముందు అమ్మను మాట్లాడనివ్వండి. మొదటి వాక్యం ఆమెదే కావాలి, రాత్రి అనుకున్నదే. ఆ తర్వాత సంచి బల్ల మీద పెట్టి, అరపేజీ ఇవ్వండి. "ఎట్లున్నవ్ పెద్దమ్మా?" అంటే ఆమె అలవాటుగా "బాగనే ఉన్న సారూ" అంటుంది. దాన్ని సరిదిద్దడమే మీ పని. మిగతా సమయంలో నోరు కట్టేసుకోండి. కొడుకే అంతా మాట్లాడేస్తే డాక్టర్ కొడుకుకే వైద్యం చేస్తారు.

డాక్టర్ చెప్పింది అయిపోగానే లేచి రాకండి. ఆయన మాటను మీ మాటల్లో తిప్పి చెప్పండి: "అంటే సార్, నొప్పుల గోలీ ఆపాలె, ఈ కొత్తది రాత్రికి వెయ్యాలె, నెలకు కిడ్నీ పరీక్ష చేయించుకుని రావాలె. అంతేనా?" తప్పుంటే అక్కడికక్కడే దిద్దుతారు. పది సెకన్ల పని. డాక్టర్ చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా రోగులు వెంటనే మర్చిపోతారని, గుర్తుందనుకున్నదాంట్లో దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని 2003లో ఒక సమీక్ష లెక్క కట్టింది. ఆ లెక్కలో చదువుకున్నవాళ్ళకు మినహాయింపేమీ లేదు, నేను గేటు దాటకముందే మర్చిపోయినవాణ్ణి. అడిగి ఒప్పుకుంటే చివరి అరనిమిషం ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒప్పుకోకపోతే బయట బెంచీ మీద కూర్చుని వెంటనే రాసుకోండి, బస్సెక్కాక రాద్దామనుకోకండి.

ఇంకొక్క ప్రశ్న మాత్రం వదలొద్దు: ఏం జరిగితే మేం ఆగకుండా వెంటనే రావాలి?

ఇంటికొచ్చాక

పాత మందుల్లో ఆపమన్నవి ఆ రాత్రే వేరు చేయండి. లేకపోతే పాతవీ కొత్తవీ కలిపి నడుస్తాయి. చదవడం రాని మనిషికి పొద్దున గోలీలు ఒక డబ్బాలో, రాత్రివి ఇంకో రంగు డబ్బాలో పెట్టండి.

"బీపీ గోలీ పొద్దున వెయ్యాలా, రాత్రి వెయ్యాలా" అనేది ప్రతి ఇంట్లో పంచాయితీ. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా మీద ఐదేళ్ళకు పైగా చేసిన పరిశోధన 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం విషయంలో పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా తేడా కనిపించలేదు. డాక్టర్ ప్రత్యేకంగా ఫలానా పూటే అనకపోతే, మర్చిపోని పూటే మంచి పూట. "రోజూ వేసుకో" అని చెబితే మర్చిపోతారు. "పొయ్యి మీద చాయ్ పెట్టినంక, పొంగే లోపల వేసుకో" అంటే గుర్తుంటుంది. ఏ పనికి తగిలించాలో ముందే అనుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏనాడో చూపించారు. మా అమ్మ గోలీల డబ్బా ఇప్పుడు చాయ్‌పత్తా డబ్బా పక్కనే ఉంటుంది.

నెల తర్వాత బీపీ 124 వస్తుంది. "తగ్గింది గదా, ఇంకెందుకు గోలీ" అని ఆమె ఆపేస్తుంది. తగ్గింది గోలీ వల్లే అని మీరు ఫోన్‌లో చెబుతారు, ఆమె సరే అంటుంది, మళ్ళీ ఆపేస్తుంది. అందుకని ఆదివారం ఆదివారం ఫోన్ చేసినప్పుడు "వేసుకుంటున్నవా?" అని అడగకండి, దానికి జవాబు ఎప్పుడూ "ఆ" అనే వస్తుంది. "డబ్బాల ఎన్ని మిగిలినయో లెక్కపెట్టి చెప్పు" అనండి.